కష్టము – కసరత్తు

తెలుగున 'కష్టము' అను మాటకు శ్రమయనియు, దుఃఖమనియు రెండర్థములు గలవు. 'కష్టము చేసికొని బ్రదుకుచున్నాడు' అన్నచో కూలినాలి చేసికొనుచున్నాడని యర్థము. 'కష్టములలో నున్నాడు' అన్నచో దుఃఖమున మునిగియున్నాడని యర్థము. రెండింటికిని ఒక్క మాటయే చాలునని మన పూర్వులు తలచిరనిన, వారి యనుభవమున నవి రెండును వేరుగా నుండకపోవుటయే హేతువు. ఇది నిఘంటుకారులు తేల్చుకొనవలసిన విషయము మాత్రమే యైనచో దీని నీ పుటలో బ్రస్తావించి యుండము. మన గ్రామములలోని భూస్వాములును, పట్టణములలోని యుద్యోగులును, వర్తకులును దేహమును గదల్చుటకు వెనుదీయుచుండుటకు మూలము చాలవరకు నీ మాటలోనే యున్నదని మా విశ్వాసము.

సంగారెడ్డి జిల్లాలోని న్యాల్‌కల్ మండలమును జూడుడు. జహీరాబాదునకును బీదరునకును నడుమ కర్ణాటకపు టెల్లను అంటియున్న సీమ యిది. 1956వరకు బీదరు తాలూకాలో నొక సర్కిలుగా నుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము దానిని మెదకు జిల్లాలో గలిపినది. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా నందు జేరినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలును ఇచ్చటి సంతలో వినవచ్చును. జొన్నయు, కందియు, శనగయు, చెఱకును పండించు ఈ పల్లెలలో ఒక తరమునకు ముందు మోతుబరి రైతు సైతము తెల్లవారకముందే చేనికి నడచి పోవువాడు. నాగలి వెంట నడచువాడు నడచెను. గట్టుమీద నిలుచువాడైనను గట్టు చేరుటకు నడువవలసియే యుండెను. నేడు దున్నుట ట్రాక్టరు చేయును. కోత యంత్రము చేయును. ఫర్లాంగు దూరములో నున్న చేనికి మోటారుసైకిలుపై బోవుదురు. పైగా న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి కొఱకు పండ్రెండువేల యెకరములకు పైగా భూమిని నిర్ణయించిరి. అట్లు భూమి నిచ్చినవారిలో పలువురకు చేతిలో సొమ్ము మిగిలినది గాని కాళ్లకు పని మిగులలేదు. కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని సామెత. కొండల మాట యట్లుండగా, ముందుగా కరగునవి కండలు.

ఇది న్యాల్‌కల్ పటేళ్ల దోషము మాత్రమే కాదు. 2024లో లాన్సెట్ వైద్యపత్రికా కుటుంబమున ప్రకటింపబడిన యొక గణనమును బట్టి, 2022లో భారతదేశపు వయోజనులలో నించుమించు సగముమంది దేహమునకు చాలినంత పని చెప్పుటలేదు. పురుషులలో నూటికి 42 మంది, స్త్రీలలో నూటికి 57 మంది. 2000 సంవత్సరమున ఈ లెక్క నూటికి 22 మాత్రమే. వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచుటవంటి స్వల్పమైన కొలబద్దతో గొలిచిన లెక్క యిది. మధుమేహగ్రస్తులు మన దేశమున పదికోట్లను దాటినారని భారత వైద్య పరిశోధన మండలివారి యధ్యయనము 2023లో వెల్లడించినది. ఈ స్త్రీల లెక్కను జూచి పొద్దస్తమానము కలుపుదీయు కూలితల్లికి వ్యాయామోపదేశము చేయబోవువారిని ఆమె తన కొడవలి చూపి తరుమునేని తప్పు పట్టరాదు. మేము మాటలాడుచున్నది కూర్చుండు స్థోమత గలవారిని గుఱించి.

వీరికి తెలియక యీ స్థితి కలిగినదా? కాదు. నడక మంచిదని యెఱుగనివాడు నేడు లేడు. జహీరాబాదులోని వైద్యుడు చెప్పును. గోడమీది కాగితము చెప్పును. చేతిలోని ఫోను చెప్పును. విని, తల యూచి, నాలుగు దినములు నడచి, ఐదవనాడు మానుదురు. అప్పుడు బంధువు లందఱును 'మనసుంటే మార్గముంటుంది' అని హితవు చెప్పుదురు. ఈ సామెతవలన జరిగినంత యపకారము మఱి దేనివలనను జరుగలేదు. మానినవానికి మనస్సు లేకపోలేదు. మనస్సున్నది, అది వేఱొకవైపు లాగుచున్నది.

ఎట్లు లాగును? పతంజలి యోగసూత్రముల ద్వితీయపాదమున రాగద్వేషముల పుట్టుకను జెప్పినాడు. అనుభవించిన సుఖము వెంట రాగము వచ్చును, అనుభవించిన దుఃఖము వెంట ద్వేషము వచ్చును అని దాని సారాంశము. మనస్సులో నిలిచిన యా జాడలకే సంస్కారములని పేరు. రెండువేల సంవత్సరముల పిమ్మట రష్యాలో పావ్లోవ్ పండితుడు కుక్కల నోటిలోని లాలాజలమును గొలిచి ఇదే సంగతిని మఱియొక త్రోవను నిరూపించెను. ఆహారముతో జతపడిన ధ్వని యొక్కటే వినబడినను కుక్క నోరూరును. ఆలోచించి నోరూరుట లేదు. 2018లో రాల్ఫ్ బ్రాండ్, పాంటెలీమన్ ఎక్కెకాకిస్ అను ఇరువురు విద్వాంసులు దీనిని వ్యాయామమునకు అన్వయించిరి. వ్యాయామమన్న తలంపు వచ్చినతోడనే, బుద్ధి మేల్కొనకమునుపే, పూర్వానుభవముల జోడింపులనుండి ప్రియమో అప్రియమో పుట్టునట. 'నాకిది మేలు' అను విచారము పిమ్మట మెల్లగా వచ్చును. మనుష్యుడు తేఱుకొని యున్నప్పుడు విచారము గెలువవచ్చును. అలసియున్నప్పుడు, చింతలో నున్నప్పుడు, తొలి జోడింపే గెలుచును. తెల్లవారుజామున అలారము మ్రోగినపుడు మనలో నెవరు తేఱుకొని యుందురో పాఠకులే చెప్పవలయును.

కావున విచారింపవలసినది వ్యాయామముయొక్క గుణములు గాదు. అది మన మనస్సులలో దేనితో ముడిపడియున్నదో చూడవలయును.

మొదటి ముడి వెట్టి. నిజాము రాజ్యమున ఇతరులకొఱకు బలవంతముగా, ప్రతిఫలము లేక, దేహమును వంచినవారి తరములెన్నో గతించినవి. వెట్టిచాకిరిని దుడిచివేయుట ఆనాటి యాంధ్రోద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి. ఆ యుద్యమమున మొదటి యాంధ్రమహాసభ 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో జరిగినది. జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. వెట్టి పోయినది. అది రెండు తెగలవారి మనస్సులలోను ముద్రలను వేసిపోయినది. చేసినవాని సంతతికి శరీరశ్రమ యవమానమును జ్ఞప్తికి దెచ్చును. కొడుకు నీడపట్టున కూర్చుండు నుద్యోగము చేయవలయునని తండ్రి కోరుట అందుచేతనే. చేయించుకొన్నవాని సంతతికి శ్రమ పరులపని. మంచినీళ్ల చెంబును తాను ముట్టకుండుట పెద్దఱికమునకు గుఱుతైనచోట, తెల్లవాఱి లేచి కాళ్లు చేతులు విసరుట పెద్దఱికమునకు దిగుదల గాక యేమగును? ఈ రెండవ తెగవారు మా పాఠకులలో కలరని యెఱిగియే వ్రాయుచున్నాము.

రెండవ ముడి బడి. మన పాఠశాలలలో దేహము పేరు విద్యార్థికి వినబడునది మిక్కిలిగా శిక్షాసమయమున. ఎక్కము రాకున్న గుంజీళ్లు. ఆలస్యమైన గోడకుర్చీ. అల్లరి చేసిన మైదానము చుట్టును పరుగు. గుంజీలు చక్కని వ్యాయామము. పహిల్వానులు దానినే బస్కీ యని పేరిడి వందలకొలది గర్వముతో తీయుదురు. ఆ కదలికనే నలుగురి యెదుట చెవులు పట్టించి తీయించుట, దానిని జీవితాంతము అసహ్యించుకొమ్మని పాఠము చెప్పుటయే. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శారీరక దండనమును నిషేధించినది. ఐనను గుంజీళ్లను దండనముగా నెంచని యుపాధ్యాయులు నేటికిని గలరు. 'కొట్టలేదు గదా' యని వారి సమాధానము. అమెరికాలో వేయిమందికి పైగా వయోజనులను ప్రశ్నించిన యొక యధ్యయనము 2018లో వెలువడినది. బడిలో వ్యాయామపు గంటను అవమానముతోడను, విసుగుతోడను స్మరించుకొనువారు పెద్దవారైన పిదప దేహమును తక్కువగా గదల్చుచున్నట్లు అందు దేలినది. ఆ సంబంధము మిక్కిలి బలమైనది కాదని వారే చెప్పిరి. ఐనను బాల్యమున పడిన మఱక యన్నేండ్లు నిలుచుటయే వింత.

దీనికి మహాత్ముని జీవితముకన్న మంచి దృష్టాంతము లేదు. రాజకోట పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు గిమీగారు కసరత్తును, క్రికెట్టును నిర్బంధము చేసిరి. గాంధీ బాలుడు స్వభావముచేత బిడియపువాడు. అంతకుముందెన్నడును వానిలో పాల్గొనలేదు. పైగా బడి విడిచినతోడనే యింటికి బోయి రోగియైన తండ్రికి సేవ చేయవలయునని వాని తహతహ. ఒక శనివారము మబ్బు పట్టియుండగా వేళ తెలియక, అతడు పోవునప్పటికి అందఱును వెళ్లిపోయిరి. మఱునాడు కారణము చెప్పగా ఉపాధ్యాయుడు నమ్మలేదు; ఒకటో రెండో అణాల జరిమానా విధించెను. అబద్ధీకుడని తన్నెంచిరే యని బాలుడు కుమిలిపోయెను. తరువాత తండ్రి యుత్తరముతో కసరత్తునుండి విముక్తి పొందెను. ఆ బాలుడే ఆరుబయట దీర్ఘముగా నడచుట మంచిదని పుస్తకములలో జదివి, ఎవరును నిర్బంధింపకయే యలవఱచుకొనెను. లండనులో బండికూలి మిగుల్చుకొనుచు దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచెను. 1930 మార్చి 12వ తేదీని సబర్మతినుండి బయలుదేఱి, అఱువదియేండ్ల వయస్సున, ఇన్నూటనలువది మైళ్లు నడచి ఏప్రిలు 5వ తేదీకి దండి చేరెను. జరిమానాతో ముడిపడిన కసరత్తును ఆ దేహము త్రోసివేసినది. స్వేచ్ఛతోను, పొదుపుతోను, పిమ్మట దేశముతోను ముడిపడిన నడకను అదే దేహము కడవఱకు విడువలేదు.

మూడవ ముడి రోగము. ఇది నూతనముగా బడినది, మిక్కిలి త్వరగా బిగియుచున్నది. ఊరిలో నొక పెద్దమనిషి ప్రొద్దుననే చేతికఱ్ఱతో బాటవెంట నడచుచుండగా జూచినవాడు "ఏమయింది పటేలా, షుగరొచ్చిందా?" అని యడుగును. అడుగుటలో దురుద్దేశము లేదు. ఆరోగ్యవంతుడు పనిలేక నడచుట వాడెన్నడును జూచియుండడు. అడిగించుకొన్నవాడు మఱునాడు ఇల్లు కదలడు. స్త్రీల సంగతి చెప్పనక్కఱలేదు, చంకలో బిందెయైనను, నెత్తిన గంపయైనను లేక ఊరిబాట నడచు కోడలు "ఎటు పోతున్నవమ్మా?" అను ప్రశ్నకు సమాధానమును వెంట దీసికొని పోవలయును. వైద్యులుకూడ తెలియకయే యీ ముడిని బిగించుచున్నారు. మాత్రల పేర్లు వ్రాసిన కాగితముమీదనే 'నడక – 30 నిమిషములు' అని వ్రాయుదురు. చేదుమందుల వరుసలో జేరిన పిమ్మట నడకయు చేదగును.

ఇక మఱియొక వైపు చూతము. ఇదే సీమలో ఇవే దేహములు ఆనందముతో గంటలకొలది కదలుట లేదా? బతుకమ్మ చుట్టును స్త్రీలు వంగుచు లేచుచు చప్పట్లు చఱచుచు తొమ్మిదినాళ్లు తిరుగుదురు. వారిలో నొక్కరును వ్యాయామము చేసితిమనుకొనరు. ఈ సరిహద్దు పల్లెలనుండి పండరిపురమునకు పాదయాత్ర పోవువారు గలరు. అవతల మహారాష్ట్రమున ఆళంది నుండి పండరికి భక్తులు మూడువారములు సుమారు 250 కిలోమీటర్లు అభంగములు పాడుకొనుచు నడతురు. ఇంటియొద్ద మేడమెట్లెక్కుటకు ఆయాసపడు మనుష్యుడు విఠలుని వైపు నడచునప్పుడు కాళ్ల నొప్పిని గొప్పగా జెప్పుకొనును. జహీరాబాదు సమీపమున పస్తాపూరులో నెలకొనిన దక్కను అభివృద్ధి సంఘమువారి పాత పంటల జాతర ఇరువదియేండ్లకు పైబడి సంక్రాంతి మొదలుకొని ఊరూరను సాగుచున్నది. అలంకరించిన బండ్ల వెంట రైతుస్త్రీలు విత్తనములతో, పాటలతో సాగిపోదురు. నొప్పి అన్నిచోట్లను ఒకటియే. దాని తోడివారు మాఱిరి.

అన్నింటికంటె మాకు ముఖ్యముగా దోచునది కుస్తీ. ఈ తెలంగాణ–కర్ణాటక–మహారాష్ట్రపు కూడలిలో జాతర కాని ఉరుసు కాని కుస్తీ లేక ముగియుట యరుదు. కొబ్బరికాయ పందెముతో పిల్లల జోడీలు మొదలై, కడపటి జోడీకి వెండికడియముతో ముగియును. తాలీము, ఉస్తాదు, పహిల్వాను – ఈ మాటలు అరబ్బీ పారసీకములనుండి వచ్చినవి. ఆ తాలీములోనే గోడకు హనుమంతుని పటము వ్రేలాడుచుండును. ఉరుసులో హిందువు, జాతరలో ముసల్మాను దిగి పట్టుపట్టుట యిచ్చట వింత గాదు. తాలీములో దేహమునకు చెమటతో పాటు గురువు, తోడు, ఊరి కేక, కడియపు మెఱుపు కలవు. 'కష్టము' అను మాట యచ్చట వినబడదు; 'మెహనతు' అందురు. వ్యాయామమన్న సంస్కృతపదమునకు సైతము విస్తరింపజేయుట, చాచుట యనియే ధాత్వర్థము. దుఃఖపు వాసన యందు లేదు.

దేశభక్తియు నొకప్పు డీ పనియే చేసినది. శ్రీకాకుళపు సీమలో బుట్టి, విజయనగరమున వ్యాయామశిక్షణ నిచ్చి, సర్కసు పెట్టి, ఉక్కుగొలుసులను ద్రెంచి, ఱొమ్ముమీద నేనుగు నెక్కించుకొని 1942లో గతించిన కోడి రామమూర్తిగారిని జూచి ఎన్ని యూళ్ల పిల్లలు దండెములు మొదలిడిరో! దండెము తీయుట దాస్యమును త్రెంచుటయని వారి మనస్సులలో ముడిపడినది. బీదరు జిల్లాలో ఆర్యసమాజమువారు నడపిన వ్యాయామశాలలకును ఇట్టి ప్రేరణయే. అయితే ఒక సంగతి దాచరాదు. పగతో ముడిపడిన వ్యాయామశాల పగ చల్లాఱినతోడనే బూజుపట్టును, లేదా బూజుపట్టకుండుటకై పగను బ్రతికించును. పొరుగువాని భయము పెట్టి కండలు పెంచబూనువారు నేటికిని గలరు. ఉరుసులోని కుస్తీ వానికన్న దీర్ఘాయుష్మంతమైనది. అది పొరుగువాడు లేనిదే జరుగదు.

ముడులు మార్చవచ్చునా యని యడుగుదురు. మార్చవచ్చును, కాని కష్టపెట్టి మార్చరాదు. సుశ్రుతుడును, వాగ్భటుడును వ్యాయామమును అర్ధబలముతోనే చేయవలయునని విధించిరి. హృదయమందలి వాయువు నోటికి వచ్చుట దాని హద్దుగా జెప్పిరి. మొదటిదినమే మూడుమైళ్లు పరుగెత్తి, మూడుదినములు మంచము పట్టువాడు శాస్త్రమునే కాదు, తన మనస్సునుగూడ ధిక్కరించుచున్నాడు. మాటలాడుచు నడువగలిగినంతటి నడక ప్రియమై మిగులునని, ఊపిరి యందకుండ చేసినది అప్రియమై నాటుకొనునని నేటి పరిశోధకులును అనుచున్నారు. 2016లో వారు మఱియొక సూక్ష్మమును గనిపెట్టిరి. కొందఱు పదునైదు నిమిషములు సైకిలుయంత్రమును తేలికగా మొదలుపెట్టి క్రమముగా పెంచిరి. మఱికొందఱు గట్టిగా మొదలుపెట్టి క్రమముగా తగ్గించిరి. తగ్గించినవారే తరువాతి దినములలోను దానిని సుఖముగా దలచుకొనిరి. చివరి రుచియే నాలుకపై నిలుచునని విందులు పెట్టు మనవారికి వేఱుగా చెప్పవలయునా?

ప్రియమైన దానిని జతపఱచుటయు నొక యుపాయము. 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు కొందఱకు మిక్కిలి యాసక్తి గొలుపు నవలలను ధ్వనిముద్రలుగా నిచ్చి, వ్యాయామశాలలో మాత్రమే వినుటకు వీలు కల్పించిరి. తొలివారములలో వారి రాక నూటికి 51 వంతులు పెరిగినది. నవంబరులో పండుగ సెలవులు రాగానే ఆ పెరుగుదల క్షీణించినది. యంత్రములోని కథ త్రోవకు తేగలదు. త్రోవలో నిలుపునది మనుష్యుడు. న్యాల్‌కల్ పటేలునకు ఫోనులోని నవలకంటె ప్రక్క చేనివాని కబురులు మేలు. ఇరువురును వాహనములను ఇంటివద్ద విడిచి చేనివఱకు నడచుచు చెఱకు ధరను దిట్టుకొన్నచో నది చాలును.

ప్రభుత్వమువారు 2022 జూను నెలలో ఊరూరను క్రీడాప్రాంగణములను నెలకొల్పు పథకమును మొదలిడిరి. భావము మంచిదే. కాని భూమి దొరకుటయే ప్రమాణముగా గొని, కొన్ని యూళ్లలో వానిని ఊరికి దూరముగా, శ్మశానవాటికల చెంతను గట్టిరి. బోర్డు నిలిచినది, గడ్డి మొలచినది. చీకటి పడిన పిమ్మట పీనుగుల దిబ్బ ప్రక్కకు పిల్లవాడు కబడ్డికి పోవునా యని యే యధికారియు నాలోచింపలేదు.

భూస్వాములను మేము కోరునది స్వల్పము. జాతరకు వెండికడియమును చందాగా నిచ్చి, పందిరిలో కుర్చీ వేయించుకొని కూర్చుండుట మీ యిండ్ల ఆచారము. ఈ సంవత్సరము కడియముతోపాటు తాలీమునకు మట్టిని గూడ నిండు. ఎఱ్ఱమట్టి యీ సీమలోనే దొరకును; ట్రాక్టరులు మీవే. దానిని జల్లెడ బట్టి, నూనెయు, మజ్జిగయు, పసుపును కలిపి మెత్తగా చేయు విధము ముసలి పహిల్వానులకు దెలియును; వారు బ్రతికియుండగానే అడుగవలయును. గొయ్యి ఊరిబయట గాక, బడికిని బస్సు నిలుచు చోటికిని నడుమ త్రవ్వింపుడు; నలుగురి కంట బడనిండు. ప్రక్కనే గోడచాటున ఆడుపిల్లలకు వేఱొక చోటు విడువుడు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ ముష్టియుద్ధపు పతకమును దెచ్చిన పిమ్మటగూడ ఇది యెందులకని యడుగువారికి మా యొద్ద సమాధానము లేదు. బడిపంతుళ్లను పిలిచి గుంజీళ్ల శిక్ష మీ యూర ముగిసినదని చెప్పుడు. ఇక మీరు. గొయ్యిలో దిగుమని యనము. శనగ కోత ముగిసిన పిమ్మట, వారమునకు నాలుగుదినములు ఇంటినుండి తాలీమువఱకు నడచి రండు. ఎవడైనను "షుగరొచ్చిందా పటేలా?" అని యడిగినచో, కుస్తీ చూడబోవుచున్నానని చెప్పి, వానినిగూడ వెంట దీసికొని పొండు.